ముప్పై రెండో తేదీ

మల్లేశం జగిత్యాల నుంచి ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు, ఉగాదికీ దసరాకీ. మొన్న ఆ రెండూ కాని రోజున చేశాడు.

"అమ్మా, మన రష్యా సారు పోయిండంట."

"ఎప్పుడు?"

"నెలాఖరుకట. మన వర్క్‌షాపుల ఉన్న కేరళ ఫోర్‌మన్ చెప్పిండు. సారు బిడ్డ ఆయనకు ఉత్తరం రాసిందట."

"నెలాఖరంటే ఏ తేదీ?"

"గది తెల్వదమ్మా. పోయినోనికి తేదీ ఎందుకు?"

మల్లేశం మంచివాడు. వెల్డింగులో అంత మంచి చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. కానీ తేదీ అడిగితే ఇలాగే మాట్లాడతాడు. ఫోన్ పెట్టేసి డైరీల పెట్టె దించి 1993, 94, 95 బయటికి తీశాను. అప్పట్లో బహ్రెయిన్‌లో, తుబ్లీలోని ఒక వర్క్‌షాపులో నేను స్టోరు గుమాస్తాను. మా ఆయన ఈసా టౌన్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. నాదీ లెక్కల బీఎస్సీయే. రష్యా సారు మా వర్క్‌షాపుకు 1993 నవంబరు 6, శనివారం వచ్చాడు. 1995 జూన్ 20, మంగళవారం వెళ్ళిపోయాడు. అంటే ఐదు వందల తొంభై ఒక్క రోజులు. శుక్రవారం సెలవులు తీసేసి, ఆయన మీద నాకు విసుగు పుట్టని రోజులు ఎన్నని డైరీల్లో వెతికాను. రెండు చేతుల వేళ్ళు సరిపోయాయి.

ఆయన పేరు రాయను. రాసినా ఆయన ఒప్పుకునేవాడు కాదు. పేర్లంటే ఆయనకు పడేది కాదు. తన దేశంలో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీకే పేరు లేదు, ఒక పోస్టు పెట్టె నంబరు ఉండేది. అది ఉన్న ఊరు పటంలో ఉండేది కాదు. అందులో ఫిట్టరుగా చేరి, ఫ్యాక్టరీ పార్టీ కమిటీకి సెక్రటరీ అయి, ఆ తర్వాత ఆ ప్రాంతంలోని ఆయుధ ఫ్యాక్టరీలన్నిటి మీదా పార్టీ తరఫున అధికారం చేశాడట. ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. ఏడాదిన్నరలో ముక్కలు ముక్కలుగా చెబితే నేను తేదీలవారీగా రాసి పెట్టుకుని అతికించుకున్నాను.

"అక్కడ మీరేం తయారు చేసేవాళ్ళు?" అని మొదటి వారంలోనే అడిగాను.

"వస్తువులు."

"ఎలాంటివి?"

"మంచివి."

పదకొండు నెలల తర్వాత అదే ప్రశ్న మళ్ళీ వేశాను. ఈసారి కొంచెం ముందుకు వచ్చాడు. "కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి," అన్నాడు.

ఆయన ఇంగ్లిషు నట్టు ఒక చోటా బోల్టు ఒక చోటా ఉన్నట్టుండేది. మధ్యలో మనవాళ్ళ దగ్గర నేర్చిన క్యాంపు హిందీ దూర్చేవాడు. ఆ మాటలను నేను తెలుగులో రాస్తున్నాను. నన్ను మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా "కామ్రేడ్ మేడమ్" అనే పిలిచాడు. కామ్రేడ్ అనైనా అనండి, మేడమ్ అనైనా అనండి, రెండూ ఒకటి కావు అని చెప్పి చూశాను. తల ఊపి, "అలాగే కామ్రేడ్ మేడమ్," అన్నాడు.

ఆయన తుబ్లీకి వచ్చిన తీరు కూడా విచిత్రమే. వాళ్ళ దేశం ముక్కలయ్యాక ఆ ఫ్యాక్టరీ మిషన్లు అమ్మకానికి పెట్టారు. మా యజమాని బహ్రెయినీ, మేమందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన అంతదూరం వెళ్ళి మూడు లేతు మిషన్లు కొన్నాడు. వాటిని నడిపించడం తెలిసిన మనిషి కావాలంటే ఈయనను చూపించారట. మిషన్లు ఓడలో వచ్చాయి, ఈయన విమానంలో వచ్చాడు. మిషన్ల మీద పేర్లున్న రేకు పలకల్ని ఉలితో చెక్కేసి పంపారు. మల్లేశం వాటి చుట్టూ తిరిగి చూసి, "మిషన్లకు పేరు లేదు, సారుకు పేరు లేదు. దొంగ సామాన్ కాదు గదా అమ్మా?" అన్నాడు.

మనిషి పొట్టి, భుజాలు వెడల్పు. జూలై ఎండలో కూడా బూడిదరంగు కోటు. రెండు టెలిఫోన్లు ఉంటే తప్ప కుర్చీలో కూర్చోనన్నాడు. అర్బాబ్ నవ్వి రెండు తెప్పించి పెట్టించాడు. ఒకదానికే తీగ ఉంది. రెండోదాన్ని రోజూ పొద్దున తుడిచేవాడు. తీగ ఉన్న ఫోన్లో అర్బాబ్ మాట్లాడితే లేచి నిలబడి, కోటు బొత్తాం పెట్టుకుని, అప్పుడు హలో అనేవాడు. అర్బాబ్‌కు ఇది కనబడదు కదా అని నేనంటే, "గొంతులో కనబడుతుంది," అన్నాడు. ఒక్క పూటలో పదకొండుసార్లు లేచి నిలబడడం నేను లెక్కపెట్టాను.

టీ పెట్టుకోవడానికి ఆయనకు ఒక గిన్నె ఉండేది. ఫ్యాక్టరీ చివరి రెండేళ్ళలో ఇక మీరు గిన్నెలు చేయండి అని పై నుంచి ఆజ్ఞ వచ్చిందట. వాళ్ళ దగ్గరున్న లోహం అదే కాబట్టి దానితోనే చేశారు. "సుత్తితో కొట్టినా సొట్ట పడదు," అని చూపించేవాడు. పడదు, నిజమే. అందులో పాలు పోస్తే ప్రతిసారీ మాడేవి. ఆ మాడు గోకడానికి స్టోరులోంచి ఉప్పు కాగితం అడిగేవాడు. నెలకు నాలుగు షీట్లు. టీ గిన్నెకు ఉప్పు కాగితం ఇచ్చినట్టు నేను ఏ పద్దులో రాయాలి?

ఇక పొద్దున్నే మీటింగు. ఏడుంబావుకు అందరూ వరుసగా నిలబడి నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో చెప్పాలి. వెల్డింగు షెడ్డులో పదకొండు మంది, అందరూ నిజామాబాదు, కరీంనగర్ వైపు వాళ్ళు. వాళ్ళ తరఫున మల్లేశం చెప్పాలి. మొదటి రోజు వాడు నా వైపు తిరిగాడు.

"రిపోర్టంటే ఏందమ్మా? నిన్న వెల్డింగు జేసినం. ఇయ్యాల గదే జేస్తం. రేపు బతికుంటే రేపు గదే."

నేను ఇంగ్లిషులో చెప్పాను. ఆయన తలవంచి చాలాసేపు రాసుకున్నాడు. ఆ తర్వాత కాగితం నా దగ్గరికే ఫైలుకు వచ్చింది. 'వెల్డింగు విభాగం స్థిరమైన వేగంతో ముందుకు సాగుతోంది' అని ఉంది. ఆ కాగితాన్ని నేను మూడు రంధ్రాలు పొడిచి ఫైలు చేశాను. అలాంటివి నాలుగు వందలకు పైగా చేశాను.

ఏ వస్తువునూ దాని పేరుతో పిలవనిచ్చేవాడు కాదు. మేము చేసేవి నిచ్చెనలు, నీళ్ళ ట్యాంకుల స్టాండ్లు, కిటికీ జాలీలు. వాటిలో దాచాల్సిందేమీ లేదు. అయినా నిచ్చెన 'వస్తువు నంబరు రెండు', జాలీ 'వస్తువు నంబరు అయిదు'. బుదైయా వైపు ఒక తోట యజమాని ఫోన్ చేసి నా నిచ్చెన అయిందా అని అడిగితే, "ఫోన్లో ఆ మాట అనకండి," అని పెట్టేశాడు. ఆ మనిషి కారేసుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడి, నిచ్చెనలో ఏముందమ్మా దాచడానికి అని అడిగాడు. నేనేం చెప్పను?

ఇవన్నీ భరించదగ్గవే. నా ఓర్పు తెగిన రోజు 1993 డిసెంబరు 2, గురువారం. నవంబరు ప్లాను అంటూ ఆయన ముందే నిర్ణయించినవి నలభై ఎనిమిది నిచ్చెనలు. నవంబరు ముప్పై సాయంత్రానికి నేను లెక్క పెడితే ముప్పై ఎనిమిది. రెండో తేదీ మధ్యాహ్నానికి ఇంకో మూడు పూర్తయ్యాయి. పూర్తయిన ప్రతిదానికీ చీటీ కట్టి తేదీ ముద్ర వేయడం నా పని. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ముద్రలో తేదీ ఎంత పెట్టారు?"

"డిసెంబరు రెండు."

"కాదు కామ్రేడ్ మేడమ్. ఇవాళ నవంబరు ముప్పై రెండు."

పరాచికమనుకుని ముఖం చూశాను. పరాచికం కాదు. నెల ముగిసేది పంచాంగంలో కాదనీ, ప్లాను పూర్తయినప్పుడనీ నాకు ఓపిగ్గా చెప్పాడు. వాళ్ళ దగ్గర ముప్పై రెండు, ముప్పై మూడు మామూలేనట. ఆయన చూసినవాటిలో పెద్దది డిసెంబరు నలభై ఒకటి. ఆ సంవత్సరం ఎంతకీ పూర్తి కాలేదన్నాడు.

"నవంబరుకు ముప్పై రోజులండీ. నా డైరీలో ముప్పై రెండో తేదీకి పేజీ లేదు."

"పేజీ ఉంటే వేసేవారా?"

"లేదు కాబట్టి ఆ మాట అనవసరం."

ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రం రిపోర్టులో 'నవంబరు ప్లాను నూట రెండున్నర శాతం' అని ఉంది. నలభై ఎనిమిదికి నలభై ఒకటి నూట రెండున్నర ఎలా అవుతుంది, ఎనభై అయిదు కదా అని పట్టుకుని వెళ్ళాను. ఆయన సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. ఇరవై ఎనిమిదో తేదీన ప్లానును నలభైకి సవరించారట. సవరించింది ఆయనే. నలభైకి నలభై ఒకటి నూట రెండున్నరే. లెక్క తప్పు లేదు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ పద్ధతి వల్ల జరిగేది ఏమిటంటే, నెలలో మొదటి పది రోజులు షెడ్డులో అందరూ ఇనుము కోసం, గ్యాసు కోసం, ఆయన మీటింగుల కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు. మధ్య పది రోజులు ఏదో నడిచేది. చివరి పది రోజులు ఓవర్‌టైం మీద ఓవర్‌టైం, ఊపిరి ఆడని పని. ఈ చెడ్డ సంగతి ఆయనకు తెలియనిదేమీ కాదు. వాళ్ళ దేశంలో ఫ్రిజ్ కొనేటప్పుడు కూడా జనం దానిమీది తయారీ తేదీ చూసేవాళ్ళట. ఇరవై తర్వాతది అయితే దుకాణంలోనే వదిలేసేవాళ్ళట. ఇది ఆయనే నవ్వుతూ చెప్పాడు. చెప్పి, ఇరవై ఒకటో తేదీన షెడ్డులోకి వెళ్ళి, "యల్లా, యల్లా," అని తొందరపెడుతూ చప్పట్లు కొట్టేవాడు.

1995 ఫిబ్రవరిలో బుట్టల ఆర్డరు వచ్చింది. క్రేన్ కొక్కేనికి తగిలించి, మనుషుల్ని నిలబెట్టి పైకెత్తే ఇనప బుట్టలు. మేడలు కట్టే చోట వాడతారు. నెలకు ఆరు చొప్పున నాలుగు నెలలు, మొత్తం ఇరవై నాలుగు. ఆయన దృష్టిలో అవి వస్తువు నంబరు ఏడు. ఏప్రిల్ ఆఖరుకు పద్దెనిమిది పంపాం. వాటిలో మూడు తిరిగొచ్చాయి. బుట్ట పైన కొక్కెం తగిలించే ఇనప కన్ను ఉంటుంది. ఆ కన్ను అతికిన చోట సన్నగా పగుళ్ళు. ఎవరూ పడలేదు. కిందనే చూసుకున్నారు కాబట్టి పడలేదు.

ఆ మూడింటి చీటీలూ తీసి చూశాను. ఫిబ్రవరి 27, మార్చి 30, ఏప్రిల్ 29. పద్దెనిమిది చీటీలూ వరుసలో పెట్టాను. ఇరవై అయిదు తర్వాత చేసినవి పదకొండు, అంతకుముందు చేసినవి ఏడు. పగిలిన మూడూ పదకొండులోవే, ఏడింటిలో ఒక్కటీ లేదు. ఇంత కొద్ది లెక్క రుజువు కాదని నాకు తెలుసు. అయినా మే 6, శనివారం పొద్దున మీటింగు కాగానే చీటీలు ఆయన బల్ల మీద పరిచాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాడు. తీగ లేని ఫోన్‌ను దగ్గరికి జరుపుకుని దాని రిసీవరు వైరును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"మా ఫ్యాక్టరీలో," అన్నాడు చివరికి, "వరండా చివర ఒక గది ఉండేది. అందులో సైన్యం మనిషి ఒకాయన, మేజరు. మేం చేసిన ప్రతి వస్తువూ ఆయన చూసి సంతకం పెడితేనే గేటు దాటాలి. ఆయన మా కింద కాదు, సైన్యం కింద. నేను పార్టీ సెక్రటరీని. డైరెక్టరు కూడా నా మాట వినేవాడు, ఆ గదిలో మనిషి తప్ప. పద్నాలుగేళ్ళు ఆయనతో పోట్లాడాను."

"ఎవరు గెలిచారు?"

"ఎప్పుడూ ఆయనే. ఒక్కసారి నేను గెలిచాను. ఆయన పైవాళ్ళకు ఫోన్ చేశాను. సంతకం పెట్టమని వాళ్ళు ఆయనకు చెప్పారు. పెట్టాడు."

చీటీలను ఒక్కొక్కటిగా మళ్ళీ కట్టగా సర్దాడు.

"వాడినప్పుడు ఆ వస్తువు దగ్గర నలుగురు ఉన్నారు," అన్నాడు.

"ఏ తేదీ?" అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"జరిగిన తేదీ నాకు చెప్పలేదు. సంతకం తేదీ తెలుసు. డిసెంబరు ముప్పై నాలుగు."

ఆయనతో గడిపిన కాలమంతటిలో నేను తేదీ సరిదిద్దకుండా ఊరుకున్నది అప్పుడే.

మధ్యాహ్నానికి ఒక కాగితం వచ్చింది. ఆ రోజు నుంచి నేను వస్తువు నంబరు ఏడుకు 'అంగీకార అధికారి'ని. ఆయన కింద కాదు. నా సంతకం లేనిదే బుట్ట గేటు దాటకూడదు. నాకు వెల్డింగు తెలియదండీ అంటే, రెండు రోజులు కూర్చోబెట్టి పరీక్ష నేర్పాడు. అతుకు మీద ఎర్ర రంగు పూయాలి. పది నిమిషాలు ఆగి తుడవాలి. తెల్ల పొడి చల్లాలి. పగులుంటే అందులో ఇంకిన ఎర్ర రంగు గీతలా పైకి తేలుతుంది. నేను చేతి గడియారం పెట్టుకుని సరిగ్గా పది నిమిషాలు ఆగేదాన్ని. మూడో రోజుకే, "ఎనిమిది చాలు కామ్రేడ్ మేడమ్," అన్నాడు. నేర్పింది పది అని గుర్తుచేశాను. కోటు బొత్తాం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే 31, బుధవారం. ఆఖరి ఆరు బుట్టలు ఆ సాయంత్రం వెళ్ళాలి. తెప్పించుకునేవాళ్ళు అప్పటికే మూడు తిప్పి పంపాల్సి వచ్చిందని మండిపడి ఉన్నారు. ఇవి ఆలస్యమైతే వెల్డింగు షెడ్డు మూసి పదకొండు మందినీ ఇంటికి పంపేస్తానని అర్బాబ్ ముందు రోజే చెప్పాడు. ఆ మాట అందరికీ తెలుసు. పొద్దుటి నుంచి ఆరింటికీ రంగు పూసి తుడిచాను. నాలుగు బాగున్నాయి. అయిదోదానికీ ఆరోదానికీ కన్ను దగ్గర తెల్ల పొడి మీద ఎర్ర గీత తేలింది. వెంట్రుకంత సన్నం, చిటికెన వేలంత పొడవు.

రెండుసార్లు మళ్ళీ చేశాను. గీత అక్కడే ఉంది.

మల్లేశం వచ్చి చూశాడు. అతుకు వాడిదే.

"అమ్మా, నా వీసా ఆగస్టుల అయిపోతది. షెడ్డు మూస్తే వీసా ఇచ్చే కొత్త కఫీల్ యాడ దొరుకుతడు? సీదా ఇంటికే. నేనొక్కన్నే గాదు, పదకొండు మందిమి."

"తెలుసు మల్లేశం."

"తెలిసి సంతకం బెట్టవా?"

"ఆ బుట్టలో ఎక్కేవాళ్ళు ఎవరు?"

వాడు నేల చూశాడు. "ఇంకెవలు. మనోళ్ళే." కాసేపటికి, "ఏమన్న అంటే గిట్ల అడుగుతవు. నీతోని మాట్లాడుడే తప్పు," అని పోయి ఇనుప ముక్కల కుప్ప మీద కూర్చున్నాడు.

అప్పుడు ఆయన వచ్చాడు. గీతను చూశాడు. చూసీ, గొంతు తగ్గించి, నేనెప్పుడూ వినని మెత్తటి మాటతో మొదలుపెట్టాడు. పార్టీలో పైకి వచ్చింది ఈ గొంతుతోనే కాబోలు.

"ముప్పై ఒకటి వేసి సంతకం పెట్టండి. లారీ వెళ్తుంది. ముప్పై మూడున నేనూ మల్లేశం అక్కడికే వెళ్ళి మళ్ళీ అతుకుతాం. ఎవరూ ఎక్కకముందే."

"ముప్పై మూడు లేదు."

"పదకొండు మంది ఉన్నారు కామ్రేడ్ మేడమ్."

"ఉన్నారు. నేను మీ కింద లేను. ఆ కాగితం మీరే ఇచ్చారు."

"ఆ కాగితం రద్దు చేస్తాను."

"చేయండి. చేశాక సంతకం మీరు పెట్టండి. నా కలం ఇస్తాను."

కలం తీసి ఆయన ముందు పెట్టాను. తీసుకోలేదు. ఆయన మెడ ఎర్రబడింది. కోటు విప్పి నా బల్ల మీద వేశాడు. ఏడాదిన్నరలో ఆయనను కోటు లేకుండా చూడడం అదే మొదలు. తిన్నగా అయిదో బుట్ట దగ్గరికి నడిచి, తలుపు తీసుకుని లోపలికెక్కి, షెడ్డు దూలానికున్న మోటారు కప్పీ కొక్కేన్ని తనే కన్నులో తగిలించాడు.

"ఇది మోస్తుందో లేదో నేనే చూపిస్తాను. మల్లేశం, ఎత్తు. పైదాకా."

కప్పీ మీట గోడ దగ్గర ఉంది. మల్లేశం లేచి వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు. పదిమందీ పని ఆపి నిలబడ్డారు. ఆ దూలం ఎత్తు ఏడు మీటర్లు. కింద సిమెంటు నేల.

"యల్లా," అన్నాడాయన.

మల్లేశం కదల్లేదు.

"యల్లా, మల్లేశం."

"దిగుండ్రి సారూ."

"ఎత్తమన్నాను."

"ఎత్త."

ఆయన నా వైపు చూశాడు, వాడేమంటున్నాడన్నట్టు. నేను నోరు తెరిచేలోపు మల్లేశమే క్యాంపు హిందీలో ఆయనకు సంగతి చెప్పాడు. తర్వాత తనలో తను చెప్పుకున్నట్టు మనవాళ్ళ వైపు తిరిగి మళ్ళీ అన్నాడు.

"నిన్న పొద్దుమూకంగ ఆగమాగం ఏసిన గా అతుకు. పైన నున్నగ గొట్టిన గని లోపల నిండలే. నాకెరుకే. అమ్మ గీత సూడకముందే నాకెరుక."

బుట్టలో ఆయన రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎంతసేపని నేను గడియారం చూడలేదు. చూసి ఉండాల్సింది.

"మిగతా నాలుగూ?" అని అడిగాడు చివరికి.

"అవి ఎత్తుత. మీరు ఎక్కుండ్రి, నేను గూడ ఎక్కుత."

ఆయన దిగాడు. ఆఫీసులోకి వెళ్ళి ఫోన్ ఎత్తాడు, తీగ ఉన్నది. కోటు నా బల్ల మీదే ఉంది. లేని బొత్తాం కోసం పొట్ట మీద చెయ్యి తడుముకుని, నిలబడి, అర్బాబ్‌తో చెప్పాడు. "నాలుగు. ఆరు కాదు, నాలుగు. తప్పు వెల్డరుది కాదు, నెల మొదట్లో పని ఇవ్వని నాది." అవతల కేకలు నాకు స్టోరు దాకా వినిపించాయి. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా సవరించలేదు.

తర్వాత షెడ్డులోకొచ్చి గ్యాసు కట్టరు అడిగి తీసుకున్నాడు. మొదట్లో ఫిట్టరే కదా, చెయ్యి మరిచిపోలేదు. ఆ రెండు బుట్టల కన్నులూ తెగ్గోసి కింద పడేశాడు. కోసిన అంచు గీత గీసినట్టుంది. సాయంత్రం అర్బాబ్ మేనల్లుడు లారీతో వచ్చి ఆరూ ఎక్కించుకుపోదామని చూశాడు. కన్నులేని బుట్టను ఏ క్రేనుకు తగిలిస్తాడు? నాలుగే వెళ్ళాయి.

మిగిలిన రెండింటినీ మల్లేశం మూడు రోజులు తీరిగ్గా అతికాడు. నేను జూన్ 4 ముద్ర వేసి సంతకం పెట్టాను. తీసుకున్నవాళ్ళు సణిగారు కానీ తీసుకున్నారు. షెడ్డు మూతపడలేదు. అర్బాబ్‌కు ఎవరో ఒకరి మీద కోపం తీరాలి కాబట్టి ఈయనను పంపేశాడు. వెళ్ళే రోజు మల్లేశం వాళ్ళు ఖర్జూరాలు తెచ్చిస్తే ఆయన ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. నాకూ చెయ్యి చాచాడు, నేను నమస్కారం పెట్టాను. ఒక మంచి మాట అంటాడేమో అనుకున్నాను. స్టోరులో ఉప్పు కాగితం నిలవ తక్కువగా ఉంది, తెప్పించండి అన్నాడు. తక్కువ ఎవరి వల్ల అయిందో ఆయనకు తెలియదా?

వారం తర్వాత ఫైళ్ళు సర్దుతుంటే ఆయన అర్బాబ్‌కు రాసి పెట్టిన ఆఖరి రిపోర్టు నకలు కనబడింది. టైపు చేసుకున్నది ఆయనే, ప్రతి వరుసలో ఒక తప్పు. అందులో మూడో పేరా నా గురించి.

'అంగీకార అధికారి మొండి మనిషి. ఉత్పత్తి అవసరాలను అర్థం చేసుకోదు. పది నిమిషాల పరీక్షను ఎనిమిదికి తగ్గించమన్నా తగ్గించలేదు. మొండితనం వల్ల మే నెల ప్లానుకు నష్టం కలిగించింది. ఈమెను ఏ కారణం చేతనైనా ఆ పని నుంచి తప్పించకూడదని గట్టిగా సిఫార్సు చేస్తున్నాను.'

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒకే పేరాలో మొండి అని రెండుసార్లు రాశాడు. ఒకసారి చాలదా అని అడుగుదామంటే మనిషి లేడు. మూడు రంధ్రాలు పొడిచి ఫైల్లో పెట్టాను.